మనసులో అనుకున్న దానం ఇచ్చి తీరాలా?

తాళపత్రం: యూదుల ధర్మశాస్త్రంలో ఒక చిక్కు. ఒకతను పేదల నిధికి 180 షెకెళ్లు ఇవ్వాలని మనసులో గట్టిగా నిశ్చయించుకున్నాడు. పైకి ఒక్క ముక్క అనలేదు. మర్నాటికి మనసు మారింది. బాకీ పడ్డట్టేనా?

వాదప్రియ: పడలేదు. తాల్ముద్ (యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం)లో కిద్దుషీన్ అనే భాగం, 49బి పేజీ చూడండి. ఇజ్రాయెల్ దేశానికి వెళ్లిపోదామనుకుని ఒకడు ఆస్తి అమ్మాడు, అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పలేదు. అక్కడ రవా అనే పండితుడు తేల్చింది ఒకటే: మనసులోని మాట మాట కాదు.

గట్టుమీద: అది బేరమండీ. అమ్మినవాడి మనసు కొన్నవాడికెలా తెలుస్తుంది? మొక్కులో అవతల ఉన్నది దేవుడు.

వాదప్రియ: అలాగైతే ప్రమాణానికీ మనసు చాలాలిగా? తాల్ముద్‌లోనే షెవుఓత్ 26బిలో షమూయేల్ అనే పండితుడు చాలదన్నాడు, పెదవులతో పలకాల్సిందే. లేవీయకాండం 5:4లో ఉన్న మాటే "పెదవులు".

గట్టుమీద: ఆ పేజీయే ఇంకాస్త కిందికి చదవండి. యాజకుల వాటాకీ ఆలయ అర్పణలకీ మనసు చాలు. దానమూ ఆ కోవదేనని రెమా (16వ శతాబ్దపు క్రాకోవ్ పండితుడు) యోరె దేయా (యూదుల ధర్మశాస్త్ర సంహితలో ఒక భాగం) 258:13లో రాశాడు. చెల్లదనేవాళ్ల మాటా అక్కడే పెట్టి, మొదటిదే ప్రధానమన్నాడు.

వాదప్రియ: అక్కడే నాకు మింగుడుపడదు. ఆ రెండింటినీ చూపి మూడోదానికి అన్వయించకూడదని ఆ పేజీయే అంటోంది. పైగా తాల్ముద్‌లోని రోష్ హషానా భాగం 6ఎలో దానాన్ని ఏ మాట నుంచి తీశారు? ద్వితీయోపదేశకాండం 23లోని "నీ నోటితో" నుంచి. నోరని ఉన్నచోట మనసెలా చాలుతుంది?

గట్టుమీద: దానం కూడా మొక్కేనని చెప్పడానికి ఆ మాట. ఎలా మొక్కాలో చెప్పడానికి కాదు. ఇక ఆచరణలో అయితే, "ఇద్దామేమో, చూద్దాం" అనుకోవడం లెక్కలోకి రాదు. నిశ్చయమైతే ఇచ్చేయాలి, పేదలు ఎదురుగా ఉంటే ఆలస్యమూ తప్పే. వీలుకాకపోతే ముగ్గురి ముందు పశ్చాత్తాపం చెప్పుకుని విడుదల పొందొచ్చు. సొమ్ము గబ్బాయ్ (నిధి వసూలు చేసేవాడు) చేతికి చేరాక మాత్రం ఆ దారి లేదు. అనుకునేటప్పుడే "బ్లీ నెదెర్", అంటే "మొక్కు కాదు" అని చేర్చుకుంటే ఈ తంటాయే ఉండదు.

తాళపత్రం: మరి నెలనెలా ఇస్తానని పైకి అని, లోపల "ఈ ఏడాదికే" అనుకుంటే?

వాదప్రియ: లోపలి షరతు చెల్లదు. దౌర్జన్యంగా గుంజుకునేవాళ్ల ముందు మాత్రమే పైకి గడువు చెప్పకుండా మొక్కి, లోపల "ఈ రోజుకే" అనుకోవచ్చని తాల్ముద్‌లోని నెదరీమ్ 28ఎ అంటోంది. గబ్బాయ్ ఎంత పీకినా ఆ జాబితాలోకి రాడు.