జింక్ ఆక్సైడ్ క్వాంటమ్ డాట్స్ ఆకుపచ్చ వెలుగు మర్నాటికే పసుపైపోతోంది, ఆపడం ఎలా?

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఇథనాల్‌లో జింక్ ఆక్సైడ్ నానోక్రిస్టల్స్ (క్వాంటమ్ డాట్స్, అంటే కొన్ని నానోమీటర్ల స్ఫటిక రేణువులు) చేస్తున్నాను. 0.1 మోలార్ జింక్ అసిటేట్ డైహైడ్రేట్‌ను మరిగించి, ఐసులో 0 డిగ్రీలకు చల్లార్చి, 0.14 మోలార్ అయ్యేలా లిథియం హైడ్రాక్సైడ్ కలుపుతున్నాను. ద్రావణం చక్కగా తేటగా వస్తుంది.

అప్పుడు శోషణ అంచు (ఏ తరంగదైర్ఘ్యం నుంచి కిందికి కాంతిని పీల్చుకుంటాయో అది) 340 నానోమీటర్ల దగ్గర, 320 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిస్తే వెలుగు 510 దగ్గర. చూడ్డానికి ఎంత బాగుంటుందో! మర్నాటికి అంచు 355కి, వెలుగు 540కి జరిగిపోతాయి. ఇంకో రెండు రోజులకు అడుగున తెల్లటి మడ్డి. రేణువులు పెరిగిపోతున్నాయన్నది స్పష్టమే. పెద్ద స్ఫటికానికి అంచు 370 దగ్గరే కదా.

ల్యాబ్‌లో 36 డిగ్రీలు, పైగా సముద్రపు గాలి తేమ. ఫ్రిజ్‌లో పెడితే కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ అదే కథ. కొత్త ఇథనాల్ సీసా తెరిచి చేస్తే కాస్త నెమ్మదించింది, అంతే. హెక్సేన్ పోసి రేణువుల్ని అడుగుకు దించి కడిగితే పెరుగుదల బాగా తగ్గింది గానీ, తిరిగి ఇథనాల్‌లో కలిపితే మబ్బుగానే ఉంటోంది. ఒలీక్ ఆమ్లం వేస్తే మొత్తం పేరుకుపోయింది. వచ్చే వారం రీడింగులు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఇథనాల్‌లో తేటగానే ఉంటూ, గది వేడిలో కూడా రేణువులు పెరగకుండా ఉండాలంటే ఏ పూత పదార్థాన్ని, లిథియం హైడ్రాక్సైడ్ వేసిన ఎంతసేపటికి కలపాలి?