సమస్యాపూరణం: పడమటికిఁ బాఱె గౌతమి కడలిఁ గలియ

ధవళేశ్వరం (నిర్వాహకులు): నిన్న సాయంత్రం ఆనకట్ట మీద నిలబడి నీళ్లు చూస్తుంటే ఈ పాదం దానంతటదే వచ్చింది. నాకు తెగ నచ్చింది. తూర్పుకి పారే మన గోదావరి (గౌతమి) పడమటికి పారిందంటోంది ఇది. ఈ పాదాన్నే చివర పెట్టి, ఆ అబద్ధం పొసిగేలా మిగతా మూడు పాదాలూ చెప్పాలి. ఇక మీ వంతు.

పడమటికిఁ బాఱె గౌతమి కడలిఁ గలియ.

ఆత్రేయపురం: క్రమాలంకారంతో మొదలుపెడుతున్నాను: మూడు ప్రశ్నలు, చివరి పాదంలో వరసగా మూడు జవాబులు.

నర్మదానది యెటు పాఱె నాకుఁ జెపుమ?
తూర్పు దిక్కున కేనది దూకి పాఱె?
ఏలనో యంత దూరము నేగుటెల్ల?
పడమటికిఁ, బాఱె గౌతమి, కడలిఁ గలియ.

ముక్తేశ్వరం మాస్టారు: బాగుంది తమ్ముడూ. నర్మదతో పాటు తపతినీ తేవలసింది. ద్వీపకల్పంలో మహానది, గోదావరి, కృష్ణ, కావేరి అన్నీ తూర్పు దారి పట్టాయి, పడమటికి పోయిన పెద్ద నదులు ఆ రెండే. అయితే ప్రశ్నా జవాబూ ఏ సమస్యకైనా అతుకుతాయి. ఇంత మంచి పాదానికి అవి చాలవు. నా పూరణ:

త్ర్యంబకమ్మునఁ బుట్టియుఁ దాపు నున్న
యరబు కడలినిఁ గాదని యలిగినట్లు
పంటచేలను దలపోసి వెన్నుఁ జూపి
పడమటికిఁ, బాఱె గౌతమి కడలిఁ గలియ.

అక్కణ్ణించి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లు. దాన్ని కాదనుకుని 1,465 కిలోమీటర్లు నడిచి మన గడపలోకి వచ్చింది తల్లి!

యానాం రేవు: ‘వెన్నుఁ జూపి పడమటికి’, అక్కడ విరుపు! ఎంత బాగా పడిందండీ. ఒక్క అక్షరం మార్చకుండా అబద్ధాన్ని నిజం చేశారు. కానీ మూడో పాదంలో యతి చూసుకోండి, పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ పొత్తు కుదరాలి కదా. ‘పం’కీ ‘వె’కీ హల్లు కలిసింది, అచ్చు కలవలేదు.

ముక్తేశ్వరం మాస్టారు: నిజమే, తప్పు నాదే. సవరణ: ‘వెలుగు పుట్టెడి దెసఁ గోరి వెన్నుఁ జూపి’.

లంక రైతు: యతి దక్కింది, చేలు పోయాయి. అది నాకు బాధగా ఉంది మాస్టారూ. నర్మదా తపతీ పగులు లోయల్లో పరుగెత్తి సముద్రంలో పడతాయి, వాటికి డెల్టాలు లేవు. మన గోదారి తూర్పుకొచ్చి ఒండ్రు దింపింది కాబట్టే ఈ కోనసీమ. మొన్న వరద తీశాక మా అరటి తోటలో పార దిగేస్తే జానెడు కొత్త ఒండ్రు, వెన్నలా తెగింది. దాని కింద పాత ఇసక. చేలు ఉంచండి: ‘వేల యెకరాల చేలకై వెన్నుఁ జూపి’.

ఆత్రేయపురం: వేలేమిటండీ! కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట చోటే ఇవాళ్టి బ్యారేజీ. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు తడుస్తున్నాయి.

లంక రైతు: ‘లక్ష’ అంటే మళ్లీ యతి పోతుంది బాబూ.

ముక్తేశ్వరం మాస్టారు: రైతుగారి పాదమే ఉంచుతాను, నాదానికన్నా బాగుంది. యానాం వారు నా యతి పట్టుకున్నారు, సంతోషం. కిందటేడు కావేరి సమస్యలో వారే తపతిని అమరకంటకంలో పుట్టించారు. అక్కడ పుట్టింది నర్మద. తపతి పుట్టిల్లు ముల్తాయి.

యానాం రేవు: ఒప్పుకుని ఆ రోజే దిద్దాను మాస్టారూ. ఇప్పుడు ఇది చూడండి.

పున్నమికి వచ్చు పోటుకుఁ బొంగి పొరలి
యేటి మొగలోన నుప్పెక్క నెదురు వచ్చి
రేవులో నున్న పడవలఁ ద్రిప్పివైచి
పడమటికిఁ బాఱె గౌతమి కడలి గలియ.

ముక్తేశ్వరం మాస్టారు: చివర ‘కడలి’ పక్కన అరసున్న (ఁ) ఏదీ? ఇచ్చిన పాదం ఇది కాదు.

యానాం రేవు: కావాలనే తీశాను. అరసున్న ఉంటే గౌతమి వెళ్లి కడలిని కలుస్తుంది. తీస్తే కడలే వచ్చి కలుస్తుంది. చెవికి రెండూ ఒకటే. ఇది ఊహ కాదండీ. వేసవిలో, పై నుంచి నీళ్లు తగ్గినప్పుడు, పున్నమి పోటుకి మా రేవులో నిలబడండి. లంగరేసిన నావ ముక్కు మెల్లగా సముద్రం వైపు తిరుగుతుంది. పొద్దున కిందికి పోయిన గుర్రపుడెక్క మళ్లీ పైకి వస్తుంది. నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు.

ధవళేశ్వరం (నిర్వాహకులు): అరసున్న పెట్టింది నేనే, తీయడానికి ఒప్పుకుంటున్నాను. ఆనకట్ట దగ్గర ఉండేవాణ్ణి, పోటు సంగతి నాకు తట్టనే లేదు. ఈ వారం పూరణ యానాం వారిదే.

ముక్తేశ్వరం మాస్టారు: ‘పడవలఁ ద్రిప్పి’ దగ్గర ‘ల’ తేలికగా పలుకుతుందా అని నాకింకా అనుమానమే. పోటు ఎన్నింటికో చెప్పండి, పున్నమినాడు మొదటి బస్సుకే వస్తాను. అదీ రేవులోనే తేల్చుకుందాం.