6174 దగ్గరే ఎందుకు ఆగుతుంది?

భారతీయ గణితజ్ఞుడు కాప్రేకర్ 1949లో ప్రకటించిన 6174 గురించి ఒక సందేహం, తెలిసినవాళ్లు చెప్పగలరా? అన్నీ ఒకటే కాని నాలుగు అంకెలు తీసుకుని, వాటితో ఏర్పడే అతి పెద్ద సంఖ్యలోంచి అతి చిన్నది తీసేస్తూ పోతే, ఎక్కువలో ఎక్కువ ఏడు సార్లకే 6174 వచ్చేస్తుంది. ఉదాహరణకు 3524: 5432 − 2345 = 3087, తర్వాత 8730 − 0378 = 8352, ఆపైన 8532 − 2358 = 6174. ఇక అక్కడి నుంచి కదలదు.

నేను ఇంతవరకు వచ్చాను. అంకెలు పెద్ద నుంచి చిన్నకు a, b, c, d అయితే తేడా 999(a−d) + 90(b−c). అంటే ఆ రెండు తేడాలే ముఖ్యం, కాబట్టి చూడాల్సినవి 54 జతలే. అన్నీ చేతితో చేసి చూశాను, నిజమే. కానీ చేసి చూడటం వేరు, అర్థం కావడం వేరు కదా.

మూడంకెలకు 495 ఒక్కటే వస్తుంది. రెండంకెలకు మాత్రం 9, 81, 63, 27, 45 అని చుట్టూ తిరుగుతుంది. ఐదంకెల్లో 53955, 59994 ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. మరి నాలుగంకెల్లో అలాంటి చక్రం ఎందుకు లేదు? 54 జతలూ పరీక్షించకుండా దీన్ని నిరూపించే దారి ఉందా? చిన్న సూచన ఇచ్చినా చాలు, మిగతాది నేనే ప్రయత్నిస్తాను.

ఇంకొకటి, 6174 = 18³ + 18² + 18. దీనికీ పై విషయానికీ సంబంధం ఉందా, లేక యాదృచ్ఛికమేనా?