లాంగ్ బీచ్‌లో నిజంగానే అందరూ కలిసుంటారా?

కొత్త_చిరునామా:
వచ్చే నెల కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్‌కి మారుతున్నాం. ఎక్కడ చదివినా దేశంలోనే బాగా కలగలిసిన ఊళ్లలో ఇదొకటి అంటారు. మొన్న ఇల్లు చూపించిన ఏజెంట్‌ని "ఈ వీధిలో ఎలాంటి వాళ్లుంటారు" అని అడిగితే మాత్రం, అది మేం చెప్పకూడదు అని మాట మార్చేసింది. ఎందుకలా? మా పాప ఆరో క్లాసుకి వెళ్తుంది. ఇప్పుడున్న చోట క్లాసు మొత్తానికి చామనఛాయ పిల్ల తనొక్కతే, మళ్లీ అలా వద్దనుకుంటున్నాం.

తీరం_గాలి:
ఆవిడ తప్పేం లేదు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతిని బట్టి మనల్ని ఒక పేటకి మళ్లించడం కుదరదు, అందుకే ఏజెంట్లు ఆ మాటే ఎత్తరు. సెన్సస్ సైట్‌లో మీరే చూసుకోండి.

పాత_కాపు:
చూసుకోండి గానీ ఊరి మొత్తం లెక్క చూసి మురిసిపోకండి. 2020లో జనాభా 4,66,742. నూటికి 44 మంది దాకా లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు), తెల్లవాళ్లు పావువంతు పైన, మిగతాలో ఎక్కువ మంది ఆసియన్లు, నల్లవాళ్లు. వినడానికి బాగుంటుంది. అదే సముద్రం పక్కన బెల్మాంట్ షోర్, నేపుల్స్ వైపు వెళ్లండి, ఎక్కువగా తెల్లవాళ్లే. ఒకప్పుడు తెల్లవాళ్లకి తప్ప అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసేవాళ్లు, అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీం కోర్టు చెప్పింది. ఇప్పుడు ఆ షరతు పని ఇళ్ల రేట్లు చేస్తున్నాయి, అంతే తేడా.

నేను నాలుగేళ్లు ఆనహైమ్ స్ట్రీట్ దగ్గర ఉన్నాను, కంబోడియా టౌన్ అని 2007లో నగరపాలక సంస్థే పేరు పెట్టిన చోటు. 1975 తర్వాత కంబోడియాలో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు పాలకుల బారి నుంచి పారిపోయి వచ్చిన వాళ్లు, అంతకుముందే ఇక్కడ యూనివర్సిటీలో చదివిన కొద్దిమంది కంబోడియన్లు ఉండటం వల్ల, ఈ ఊరికే చేరారు. మొదటి రోజు బస్సులోంచి ఒక బోర్డు చూసి అరె తెలుగు అనుకున్నా, దిగి దగ్గరికెళ్తే ఖ్మేర్, అంటే కంబోడియా భాష! రెండు లిపుల మూలమూ దక్షిణాదే కదా, ఆ గుండ్రటి తలకట్లు మోసం చేస్తాయి. దాని కిందే స్పానిష్‌లో ఇంకో బోర్డు. మా మెట్ల మీద పిల్లలు మూడు భాషల్లో కొట్లాడుకునేవాళ్లు. కలగలిసిన ఊరు అంటే నాకు అదే.

ఉత్తరం_వైపు:
వెస్ట్‌సైడ్ కూడా బాగా కలిసిన పేటే, ఫిలిపినోలు, సమోవన్లు, లాటినోలు. కాకపోతే పోర్టు లారీలన్నీ 710 ఫ్రీవే మీదుగా అటే పోతాయి, కిటికీ గట్టు తుడిచిన గుడ్డ నల్లగా వస్తుంది. ఎవరికి చవగ్గా దొరుకుతుందో ఆ పొగా వాళ్లకే. పాప విషయానికొస్తే పేట కాదు, స్కూలు చూడండి, ఏ స్కూల్లో ఏ జాతి పిల్లలు ఎంతమందో రాష్ట్ర విద్యాశాఖ సైట్‌లో ఉంటుంది. మనవాళ్ల సరుకులకి ఆర్టీసియాలో పయనీర్ బులవార్డ్ ఉంది, పెద్ద దూరం కాదు.

కొత్త_చిరునామా:
థాంక్సండీ. మేం చూసిన ఇల్లు బెల్మాంట్ షోర్‌లోదే! శనివారం ఆనహైమ్ స్ట్రీట్ కూడా ఒకసారి నడిచి చూస్తాం.