కెన్యా మాసాయి మారా రిజర్వులో పొద్దుటి సఫారీ: గైడ్ల రేడియోలు బంద్ చేయించాలా?

నైరోబీ_నాని

గేటు 6 గంటలకి తీస్తారు. మొదటి అరగంట హాయిగా ఉంటుంది. గడ్డి మీద మంచు ఆరదు, ఇంపాలా జింకలు ఎండ కోసం ఎదురుచూస్తూ నిలబడతాయి. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు మీద, డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో గరగరలాడుతుంది. ‘దూమా’ అని వినబడిందంటే చాలు, డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కేస్తాడు. స్వాహిలీలో చీతాని అలా అంటారు.

మొన్న అలాగే వెళ్ళాం. తల్లి చీతా, కాస్త వెనకాల పిల్లలు. తల్లి ఒక థామ్సన్ గజెల్ అనే చిన్న జింక మీద కన్నేసి, పొట్ట నేలకి ఆనించి పాకుతోంది. మేం వెళ్ళేసరికి నాలుగు బండ్లు. చూస్తుండగానే ఇరవై దాటాయి. ఒక వ్యాను మంచి ఫోటో కోసం నేరుగా రెండిటి మధ్యలోకి దూరింది. గజెల్ లగెత్తింది, చీతా అక్కడే కూలబడింది. జంతువు దగ్గర ఒకేసారి ఐదు బండ్లు మించకూడదు, 25 మీటర్లు దూరం ఉండాలి అని రూలు ఉంది. రేంజర్ కనబడితేనే అది గుర్తొస్తుంది.

సింహానికీ చిరుతకీ రాత్రి ఉంది. చీతా ముఖ్యంగా పగలే వేటాడుతుంది, అందులోనూ పొద్దున, సాయంత్రం. అంటే సరిగ్గా మన సఫారీ టైము. ఫెమ్కె బ్రూఖైస్ అనే శాస్త్రవేత్త 2013 నుంచి 2017 వరకు ఇక్కడి చీతాల లెక్కలు తీసి 2018లో అచ్చువేశారు. టూరిస్టులు తక్కువున్న చోట తల్లి సగటున 2.3 పిల్లల్ని పెంచి పెద్ద చేస్తే, ఎక్కువున్న చోట 0.2.

నేననేది ఒకటే. జంతువు ఎక్కడుందో రేడియోలో చెప్పడం నిషేధించాలి. బండి దిగబడితేనో, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతేనో వాడుకోనివ్వండి.

మణికొండ_మధు

అన్నా, మీరు నైరోబీల ఉంటరు, ఈ వారం చీతా కనబడకుంటే వచ్చే నెల పోతరు. మేము హైదరాబాద్ నుంచి ఇంటిల్లిపాది పోయినం. 2024 నుంచి జూలై-డిసెంబర్ మధ్య విదేశీయులకి ఒక్కరికి ఒక్క రోజుకి 200 డాలర్లు, గేటు టికెట్టే. బండి, బస, విమానం వేరే. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆ రోడ్ల మీద రోజంతా కుదుపులు పడలేదు. రేడియో ఉండబట్టే పొద్దున ఎనిమిది లోపల సింహాల గుంపుని చూసింది. లేకుంటే ఏముంది, గడ్డి చూసి వచ్చేటోళ్ళం. గడ్డి మా ఊర్ల కూడ ఉంది.

ఇంకో ముచ్చట. 0.2 అన్నరు సరే, టూరిస్టులే చంపిన్రని ఆ పరిశోధన పేపర్ల లేదు. ప్రత్యక్షంగ చంపినట్టు ఆధారం లేదు, జంతువు నడవడిక మారి, ఒత్తిడి పెరిగి, తిండి తగ్గి అట్ల అయ్యుంటదని అంచనా కట్టిన్రు. పక్కనే టాంజానియా సెరెంగెటి పార్కుల 90లల్ల వచ్చిన పరిశోధన చూడున్రి. నూటికి ఐదు పిల్లలు గూడ బతికి పెద్దవి కాలే. చాలా వాటిని సింహాలే చంపినయి. సింహానికి రేడియో ఉందా?

నైరోబీ_నాని

సింహం ఎలాగూ చంపుతుంది కాబట్టి మనం కూడా ఓ చెయ్యి వేద్దామా మధు గారూ? మీరు చెప్పిన ‘తిండి తగ్గి’ అన్నదే నేను కళ్ళారా చూసింది.

జోబర్గ్_లక్ష్మి

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కు సంగతి చెప్తాను, మా ఇంటికి అదే దగ్గర. అక్కడ మన కారులో మనమే తోలుకుంటూ వెళ్ళొచ్చు. తారు మీద 50, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. రోడ్డు దిగకూడదు, కారు దిగకూడదు. మన దగ్గర రేడియో ఉండదు. అయినా సింహం రోడ్డు మీద పడుకుంటే కూకట్‌పల్లి జంక్షనే! ఎందుకంటే రేడియో పని ఫోన్లు చేస్తున్నాయి. జంతువుల చోటు చెప్పే యాప్‌ల వల్ల జనం స్పీడుగా తోలుకొచ్చి పడుతున్నారని 2016లో పార్కుల శాఖే మొత్తుకుంది. నాని గారూ, మీరు రేడియో తీసేస్తే రేపట్నుంచి వాట్సాప్ గ్రూపు. అదైతే రేంజర్‌కి వినబడను కూడా వినబడదు.

పక్కనే సాబీ శాండ్ ప్రైవేటు రిజర్వు ఉంది. క్రూగర్‌కీ దానికీ మధ్య కంచె 1993లోనే తీసేశారు, జంతువులు ఇటూ అటూ తిరుగుతాయి. అక్కడ గైడ్లు రేడియోని తిరగేసి వాడతారు. చిరుత దగ్గర రెండు మూడు బండ్లు ఉంటే, నాలుగోవాడు దూరంగా ఆగి ‘నేను లైన్‌లో ఉన్నా’ అంటాడు. ఒకరు బయటికొచ్చాకే లోపలికి పిలుపు. పిల్లలు మరీ చిన్నవైతే ఎవర్నీ పిలవరు. అదే యంత్రం. మారాలో జనాన్ని పోగేస్తుంది, ఇక్కడ ఆపి నిలబెడుతుంది.

మణికొండ_మధు

అక్కా, ఆ సాబీ శాండ్‌ల ఒక్క రాత్రికి ఎంతనో గూడ చెప్పున్రి. మా ఇల్లు అమ్ముకోవాలె.

జోబర్గ్_లక్ష్మి

అందుకే నేనూ క్రూగర్‌కే వెళ్తాను తమ్ముడూ. పొద్దున్నే ఒక నీటిమడుగు దగ్గర ఇంజన్ ఆపి, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ కూర్చోవడమే.

లెడ్జర్_బాబాయ్

నేను నైరోబీలో సఫారీ కంపెనీలకి లెక్కలు రాస్తాను, రోజూ డ్రైవర్లతోనే సావాసం. మీరంతా రేడియోని తిడుతున్నారు, దాని వెనక ఉన్న బేరం ఎవరూ చెప్పలేదు. డ్రైవర్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. నాకు కనబడింది నేను చెప్పకపోతే రేపు నీకు కనబడింది నువ్వు చెప్పవు. ఒక్కడు మంచివాడై నోరు మూసుకుంటే ఆ సీజనంతా వాడి బండి ఖాళీగా తిరుగుతుంది. ఖాళీగా తిరిగిన బండికి టిప్పు రాదు. చీతాని వదిలేసి ఐదు బండ్ల రూలు పాటించినవాడి మీద కస్టమర్లు కంపెనీకి ఫిర్యాదు రాస్తారు. ఆ ఉత్తరాలు నేను చదివాను. రూలు తప్పినందుకు రాసిన ఉత్తరం ఇంతవరకూ నా బల్ల మీదికి రాలేదు.

అసలు లెక్క రేడియోది కాదు, లాడ్జిల్లో, క్యాంపుల్లో వేసే మంచాలది. మారా రిజర్వు 1,510 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఎన్ని మంచాలు పడితే పొద్దున అన్ని బండ్లు గేటు ముందు. రిజర్వుకి ఉత్తరాన ఒలారే మొటొరోగి, నబోయిషో లాంటి కన్జర్వెన్సీలు ఉన్నాయి. అవి ఇక్కడి మాసాయి తెగ కుటుంబాల సొంత భూములు, క్యాంపులు కౌలు కట్టి వాడుకుంటాయి. ఒలారే మొటొరోగిలో 700 ఎకరాలకి ఒక్క టెంటు. అక్కడ బస చేసినవాళ్ళకే ప్రవేశం. అక్కడా రేడియోలున్నాయి, కానీ పిలిస్తే రావడానికి బండ్లే ఎన్నో లేవు.

నైరోబీ_నాని

బాబాయ్ గారూ, ఒప్పుకుంటాను, కానీ మంచాలు తగ్గించడానికి పదేళ్ళు పడుతుంది. లైసెన్సులు, కౌంటీ ప్రభుత్వ ఆదాయం, లాడ్జిల ఓనర్లు, అన్నీ కదలాలి. రేడియో రూలు రేపు పొద్దున పెట్టొచ్చు. పైగా మీరు చెప్పిన బేరం ఉంది చూశారా, అది ఒక్కడు మానితే తెగదు, అందరికీ ఒకేసారి నిషేధిస్తేనే తెగుతుంది. నా వాదనకి మీరే బలం ఇచ్చారు.

లెడ్జర్_బాబాయ్

ఐదు బండ్ల రూలే అమలు కానిచోట నీ రేడియో రూలు ఎవరు వింటారు బాబూ? రిజర్వులోనే మారా నది అవతల ట్రయాంగిల్ అనే భాగం వైపు చూడు. 2001 నుంచి వేరే సంస్థ చూస్తోంది, అక్కడ రేంజర్లు గట్టిగా ఉంటారు కాబట్టి అదే రూలు అక్కడ కాస్త పనిచేస్తుంది. కావలసింది రేంజర్, కొత్త రూలు కాదు.

పాలపిట్ట

పక్షుల పిచ్చిదాన్ని, క్షమించండి, నాది వేరే గొడవ. రేడియో ఉన్న డ్రైవర్ చూడడం మానేస్తున్నాడు. జిరాఫీ ఒకే దిక్కు కేసి గుడ్లప్పగించి చూస్తుంటే అటు సింహం ఉందేమోనని వెళ్ళాలి. వెర్వెట్ కోతులు చెట్టెక్కి ఒకటే అరుస్తుంటే కింద చిరుత ఉండొచ్చు. తెల్లారి రోడ్డు దుమ్ములో దుమ్ములగొండి అడుగులు కనబడితే అవి ఏ మూలకి తేలతాయో వెతకాలి. పాత డ్రైవర్లకి ఇదంతా వచ్చు. కుర్రవాళ్ళలో కొందరు మైకు పట్టుకుని తిరుగుతారు, అంతే. దారిలో మన పాలపిట్టకి దగ్గర చుట్టం, ఊదారంగు రొమ్ముది, ముళ్ళకంప మీద కూర్చుని ఉంటే బండి ఆపమన్నాను. ‘మేడమ్, అక్కడ దూమా వెళ్ళిపోతుంది’ అన్నాడు. వెళ్ళనీ నాయనా!

మణికొండ_మధు

మేడమ్, మీకు పిట్ట కావాలె, మా అమ్మకి సింహం కావాలె. ఇద్దరూ ఒకే పైసలు కట్టిన్రు. పోనీ ఇట్ల చేస్తే? చీతా, అదీ పిల్లలతోని ఉంటే రేడియోల చెప్పొద్దు. ఎండల పొర్లే సింహానికి మన బండ్లు లెక్కనే లేదు, దాని గురించి చెప్పుకోనియ్యిన్రి.

నైరోబీ_నాని

చీతా వరకైతే నాకు సరే. సింహం దగ్గర కూడా ఐదు బండ్లే, మిగతావి జోబర్గ్ లక్ష్మి గారు చెప్పినట్టు దూరంగా లైన్‌లో.

మణికొండ_మధు

లైన్‌ల మా బండి ఆరోది అయితే?

జోబర్గ్_లక్ష్మి

అమ్మగారికి ఫ్లాస్కులో కాఫీ పోసివ్వండి.

లెడ్జర్_బాబాయ్

ఆరో బండిలో ఉన్నందుకు కంపెనీకి మాత్రం ఫిర్యాదు రాయకండి మధు గారూ. అది నా బల్ల మీదికే వస్తుంది.