రెండు పడవల మీద కాలు పెడితే స్క్వాష్‌లో ఎదగలేరా?

ఎంవీపీ నాన్న:
మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఏడేళ్లుగా స్క్వాష్ (నాలుగు గోడల మధ్య రాకెట్‌తో బంతిని గోడకి కొట్టే ఆట) ఆడుతున్నాడు, ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు. కోచ్ ఒకాయన "ఇంజనీరింగ్ సీటు జేబులో పెట్టుకుని కోర్టులోకి దిగేవాడికి కసి ఉండదు. ఎంసెట్ మాన్పించి చెన్నై అకాడమీకి పంపండి" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి వాళ్లమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. నిజంగా వేరే దారి ఉంటే ఆట మెత్తబడుతుందా?

గాజువాక స్మాషర్:
నూటికి నూరుపాళ్లు నిజం. నేను బ్యాడ్మింటన్ మనిషినే అయినా ఇది ఏ ఆటకైనా ఒకటే. మ్యాచ్ తేల్చే ఐదో గేమ్‌లో ఊపిరి అందనప్పుడు 'పోతే పోనీ, ఉద్యోగం ఉందిగా' అనిపించిందంటే అయిపోయినట్టే. మన వైజాగ్ పిల్ల జ్యోతి యర్రాజీని చూడండి. తండ్రి సెక్యూరిటీ గార్డు. 2023లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా చాంపియన్ అయింది. ఆ అమ్మాయికి రెండో పడవ ఎక్కడుంది?

పాత రాకెట్:
బాబూ, జ్యోతి రెండో పడవను వద్దనుకుని వదిలేయలేదు. ఆ అమ్మాయికి అది లేదు, అంతే. రెండిటికీ చాలా తేడా ఉంది.

ఈజిప్టు అలీ ఫరాగ్ హార్వర్డ్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాకే పూర్తిగా ఆటలోకి దిగాడు. నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్. మన రమిత్ టాండన్ కొలంబియాలో చదివి, న్యూయార్క్‌లో ఫైనాన్స్ ఉద్యోగం చేసి, అది మానేసి ప్రొఫెషనల్ అయ్యాడు. వీళ్లకి కసి లేదంటారా?

ఇక నా సంగతి. డిగ్రీ రెండో ఏడు మానేసి ఈ ఆటే పట్టుకున్నాను. ఓ టోర్నమెంటులో ఐదో గేమ్, పదకొండు పాయింట్ల ఆటలో 9-9, సర్వీసు నాది. సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది, రైలు టికెట్లకీ హోటల్‌కీ నాన్న తెచ్చిన అప్పు. నిద్రలో లేపి అడిగినా వేసే డ్రాప్‌ని టిన్‌కి కొట్టాను. (డ్రాప్ అంటే ముందు గోడ దగ్గరే పడేలా మెల్లగా వేసే షాట్. టిన్ అంటే ఆ గోడ అడుగున ఉండే రేకు. బంతి తగిలితే పాయింటు పోయినట్టే. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ పడదు.) తర్వాతి పాయింటు ఎలా పోయిందో గుర్తే లేదు. వెనక దారి లేకపోతే కసి పుడుతుందంటారు గానీ నాకు మాత్రం చెయ్యి బిగుసుకుపోయింది.

స్క్వాష్‌కి ముందు మరుపు కావాలి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సింగిల్స్ ఫైనల్లో మన సౌరవ్ ఘోషల్ మొదటి రెండు గేమ్‌లు గెలిచి కూడా ఓడిపోయాడు. మామూలు మనిషైతే వారం రోజులు మంచం దిగడు. అతను అవే క్రీడల్లో స్వర్ణం గెలిచిన టీమ్‌లో ఆడాడు.

గాజువాక స్మాషర్:
సార్, మీ చెయ్యి బిగుసుకుంది అప్పు వల్ల, చదువు మానడం వల్ల కాదు. పైగా ఫరాగ్‌ది ఈజిప్టు. పెద్ద ర్యాంకు ఆటగాళ్లు సగం మంది అక్కడివాళ్లే. మనవాడు వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుకుంటూ ఎవరితో ఆడతాడు? రోజూ తనకన్నా తక్కువవాళ్లని 3-0తో కొట్టి ఇంటికొస్తే పట్టుదల మాట తర్వాత, ముందు ఆటే మెత్తబడుతుంది.

పాత రాకెట్:
ఇది ఒప్పుకుంటాను. చెన్నై వెళ్లాల్సిందే. చదువు మానాలంటే మాత్రం ఒప్పుకోను. చెన్నైలో కాలేజీలు లేవా?

సీతమ్మధార అమ్మ:
అన్నయ్యగారూ, మా అమ్మాయి కూడా ఆడుతుంది. వానాకాలంలో గోడలకి చెమట పట్టి బంతి జారిపోతుంటే పిల్లలు గుడ్డతో తుడుచుకుంటూ ఆడటం మీరూ చూసే ఉంటారు. కోచ్ గారు కసి గురించి చెప్పారు సరే, ఖర్చు గురించి చెప్పారా? చిన్న టోర్నీలో మొదటి రౌండులో ఓడితే వచ్చే డబ్బు విమానం టికెట్‌కి కూడా చాలదు. హోటల్ ఖర్చు తప్పుతుందని చాలామంది ఆ ఊళ్లో ఎవరింట్లోనో ఉంటారు. ఘోషల్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి పదిమందిలోకి వచ్చింది 2019లో, 32 ఏళ్లకి. అంటే మీవాడికి ఇంకా పదిహేనేళ్లు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో స్క్వాష్ పెడుతున్నారని మా ఇంట్లో కూడా ఒకటే గోల. ఆ ఆటలు మన పిల్లలు టీవీలో చూడటానికే లెండి.

ఎన్నేళ్లకి సరిపడా డబ్బుందో వాడికి ముందే చెప్పేయండి. చదువు సంగతి ఆ తర్వాత.

ఎంవీపీ నాన్న:
అందరికీ థాంక్స్. రాత్రి కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాం, వాళ్లమ్మ కూడా వచ్చి కూర్చుంది. అప్పు చెయ్యకుండా మూడేళ్లు నెట్టుకురాగలం. ఆ అంకె వాడికి చూపించాను. ఎంసెట్ రాస్తాడు, చెన్నై కాలేజీలకీ దరఖాస్తు పెడతాం. కోచ్‌కి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. "నువ్వేమంటావురా" అని అడిగితే, "ఎంసెట్ రోజు పొద్దున ప్రాక్టీసు ఉంటుందా?" అన్నాడు. వాళ్లమ్మ నవ్వాపుకోలేక లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.