అమెరికా సొరోరిటీల గురించి వింటున్నదాంట్లో నిజమెంత?

ప్రశ్న:

మా అమ్మాయి ఈ ఆగస్టులో అమెరికా దక్షిణాదిలోని ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో చేరబోతోంది. తరగతులు మొదలయ్యే ముందే జరిగే 'రష్' అనే సభ్యుల ఎంపికలో పాల్గొని, అక్కడి విద్యార్థినుల సంఘాలైన సొరోరిటీల్లో ఏదో ఒకదానిలో చేరతానని పట్టుబడుతోంది. మాకు తెలిసిందల్లా సినిమాల్లో చూసినదీ, 2021లో అలబామా విద్యార్థినుల టిక్‌టాక్ వీడియోలతో ప్రచారమైనదీ మాత్రమే: ఒకే తీరు దుస్తులు, డబ్బున్న ఇళ్ల పిల్లలు, తాగుడు, చదువు మీద అశ్రద్ధ. మావారు వద్దంటున్నారు. అమ్మాయేమో, తెలిసినవాళ్లు ఒక్కరూ లేని చోట స్నేహితులు ఎలా దొరుకుతారని అడుగుతోంది. ఒప్పుకునే ముందు మేము తెలుసుకోవలసినవి ఏమిటో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు:

నమస్కారమండీ. చదువుకునే రోజుల్లో నేను ఒక సొరోరిటీ సభ్యురాలిని. ముందు తాగుడు సంగతి చెబుతాను. నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సొరోరిటీల జాతీయ సమాఖ్య కింద 26 సంస్థలు ఉన్నాయి. సాధారణంగా వాటి సభ్యులు కలిసి ఉండే ఇళ్లలో మద్యానికి అనుమతి ఉండదు. అందువల్ల విందులు ఎక్కువగా ఫ్రటర్నిటీలనే మగపిల్లల సంఘాల ఇళ్లలో జరుగుతాయి. అంటే తలుపు దగ్గర ఎవరిని రానివ్వాలో, గ్లాసులో ఏం పోయాలో నిర్ణయించేది వాళ్లే. ఆడపిల్లల గుణాన్ని శంకించేవాళ్లు ఈ ఏర్పాటును ప్రశ్నించరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే. మీ అమ్మాయితో మాట్లాడవలసింది కూడా దీని గురించే: విందుకు ఎవరితో వెళ్తుంది, ఎవరితో తిరిగి వస్తుంది, ఆ రాత్రి తాగకుండా తోడుండే సభ్యులు ఎవరు?

ఒక ఇంట్లో ఇంతమంది ఆడవాళ్లకు మించి ఉంటే చట్టం దాన్ని వ్యభిచార గృహంగా లెక్కిస్తుందనే మాట కూడా మీ చెవిన పడవచ్చు. అది అనేక క్యాంపస్‌లలో తిరిగే పుకారు మాత్రమే.

చదువు విషయంలో మీరు విన్నది వాస్తవానికి తలకిందులుగా ఉంది. తొలి సంఘాల్లో ఒకటి 1851లో జార్జియాలోని మేకన్‌లో, ఒక మహిళా కళాశాలలో సాహిత్య సంఘంగా పుట్టింది. నేటి ఆల్ఫా డెల్టా పై అదే. ఇప్పటికీ చాలా శాఖల్లో సభ్యత్వం నిలుపుకోవాలంటే నిర్ణీత జీపీఏ ఉండాలి.

రెండవ జవాబు:

పై జవాబులోని వివరాలతో నాకు పేచీ లేదు గానీ, అపోహలన్నీ గాలిలోంచి పుట్టలేదని కూడా చెప్పాలి. 2013లో అలబామా విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రిక, సంప్రదాయంగా తెల్లవారివైన సొరోరిటీల్లో నల్లజాతి అమ్మాయిలను జాతి కారణంగా తిరస్కరిస్తున్నారని బయటపెట్టింది. కొన్నిచోట్ల విద్యార్థినులు చేర్చుకుందామన్నా పూర్వ సభ్యులు అడ్డుపడ్డారు. నల్లజాతి విద్యార్థుల విద్యాసంస్థగా పేరున్న హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా థీటా అనే నల్లజాతి అమ్మాయిల సొరోరిటీలు ఏర్పడటం వెనుక ఇలాంటి వివక్ష చరిత్రే ఉంది. డెల్టా సిగ్మా థీటా స్థాపకులు అదే సంవత్సరం మార్చిలో వాషింగ్టన్‌లో జరిగిన మహిళా ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. కమలా హారిస్ హోవర్డ్‌లో చదువుతూ చేరినది ఆల్ఫా కప్పా ఆల్ఫాలోనే. ఆ సంఘాల్లో సభ్యత్వం పట్టా తీసుకున్న తరువాత కూడా చురుగ్గా కొనసాగుతుంది. సొరోరిటీ అనగానే ఒకే రంగు జుట్టున్న అమ్మాయిల వరుసను ఊహించుకునేవాళ్లు ఈ చరిత్రనంతా చెరిపేస్తున్నారు. దక్షిణాసియా అమ్మాయిలు 1990ల చివర స్థాపించుకున్న సొరోరిటీలూ ఉన్నాయి. మీ అమ్మాయి క్యాంపస్‌లో ఉన్నాయేమో విచారించండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఎంపిక అసలు ఎలా జరుగుతుంది? నచ్చకపోతే మధ్యలో మానేయవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

మానేయవచ్చు, కానీ చివరి రోజు సంతకం దగ్గర జాగ్రత్త అవసరం. అమ్మాయిలు గుంపులుగా ఇంటింటికీ వెళ్తారు. తలుపు తెరవగానే లోపలి సభ్యులు పాటలతో, కేకలతో స్వాగతం పలుకుతారు. కొద్ది నిమిషాలకొకరు చొప్పున సభ్యులు మారుతూ మాట్లాడి, తరువాత తమ అభిప్రాయాలు నమోదు చేస్తారు. అమ్మాయిలూ తమకు నచ్చిన ఇళ్లను వరుసలో పెడతారు. రోజురోజుకూ పిలిచే ఇళ్లు తగ్గుతాయి. ఇష్టపడిన ఇంటి నుంచి పిలుపు రాని ఉదయం చాలామంది పిల్లలు కుమిలిపోతారు, ఆ రోజు మీ ఫోను దగ్గర ఉంచుకోండి. చివర సంతకం చేసే ఒప్పందంలో తాను రాసిన ఇంటి నుంచి ఆహ్వానం వచ్చాక కాదంటే, సాధారణంగా ఏడాదిపాటు అదే క్యాంపస్‌లో ఈ 26లో మరొక దానిలో చేరడానికి వీలుండదు. కాబట్టి మనసు ఒప్పని ఇంటి పేరు ఆ కాగితం మీద రాయవద్దని ముందే చెప్పండి.

ఖర్చు శాఖను బట్టి, ఇంట్లో నివాసం ఉంటుందా లేదా అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. మొదటి సెమిస్టరులో ప్రవేశ రుసుములు అదనం. నెలసరి చందా, భోజనం, జరిమానాలు, దుస్తులు, విరాళాలు విడివిడిగా అడిగి రాయించుకోండి.

మూడవ జవాబు:

విద్యార్థి వ్యవహారాల విభాగంలో పనిచేస్తున్నదాన్ని కనుక ఒక్క మాట చేరుస్తాను. కొత్త సభ్యులను హింసించడం, అవమానించడం, నిద్ర లేకుండా చేయడం హేజింగ్ కిందికి వస్తాయి. 2024 డిసెంబరులో అధ్యక్షుడి సంతకంతో చట్టమైన ఫెడరల్ శాసనం ప్రకారం, హేజింగ్ నియమాలు ఉల్లంఘించినట్లు తేలిన విద్యార్థి సంఘాల వివరాలను విశ్వవిద్యాలయాలు బహిరంగంగా ప్రకటించాలి. మీ అమ్మాయి చూస్తున్న సంఘం పేరు ఆ నివేదికలో ఉందేమో విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఆమెతో కలిసి చూడండి. ఉంటే, ఏం జరిగిందో, ఆ తరువాత ఏం మారిందో ఆ సంఘం సభ్యులనే అడగమనండి.